ఏ చికాకును మీరు భరించగలరు? రాయగడ దారుల్లో చిన్న కారు ఎంపిక

"బావా, చిన్న కారొకటి తీసుకుందామనుకుంటున్నాం. ఏది బాగుంటుంది?" అని గుణుపురం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు.

"అత్తయ్య మోకాళ్లు ఎలా ఉన్నాయిరా?" అని అడిగాను.

మాట మారుస్తున్నాననుకున్నాడు పాపం. మార్చలేదు. మైలేజీ ఎంత, ఇంజిన్ ఎంత, క్రాష్ టెస్టులో ఎన్ని స్టార్లు అన్నవి ఫోన్ పట్టుకుని అరగంట కూర్చుంటే ఎవరికైనా దొరుకుతాయి. కొన్న మూడు నెలలకు పళ్లు కొరికించే సంగతులే షోరూంలో ఎవరూ చెప్పరు. ఒడిశా-ఆంధ్ర సరిహద్దున ఉన్న మా రాయగడలో వీధివాళ్లనీ, ఆఫీసువాళ్లనీ, చుట్టాల్నీ కలిపి చిన్న కార్లున్న పదిమందిని కదిపి చూశాను. "కారెలా ఉంది?" అంటే అందరూ "సూపర్" అన్నారు. "రోజూ విసిగించేది ఏది?" అని అడిగితే అప్పుడు నోరు విప్పారు. ఒకాయనైతే టీ చల్లారిపోయేదాకా ఆపలేదు.

వాళ్ల మాటలు విన్నాక నాకు తేలింది ఇది: చికాకు లేని చిన్న కారు లేదు. ఒక్కో రకానికి ఒక్కో చికాకు పుట్టుకతోనే వస్తుంది. అందుకని ఏది మంచి కారు అని వెతక్కుండా, ఏ చికాకు మన ఇంట్లోవాళ్లకు పెద్దగా పట్టదో చూసుకుని దాన్నే కొనుక్కోవాలి. భద్రత సంగతి వేరు. స్టార్లు, ఎయిర్‌బ్యాగుల దగ్గర రాజీపడకూడదు. ఆ వడపోత అయ్యాక మిగిలిన వాటి గురించే ఈ మాటలు.

అసలు ఇన్ని ఇబ్బందులు ఎందుకంటే, అంతా నాలుగు మీటర్ల మహిమ. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లు మించని పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించని ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించారు. అప్పటినుంచి కంపెనీలు ఆ కొలతకే బట్ట కత్తిరిస్తున్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ కూడా 18 శాతానికి దిగింది కాబట్టి ఆ గీత ఇప్పట్లో చెరగదు. ఆ నాలుగు మీటర్లలోనే కాళ్లకు చోటు పెంచితే డిక్కీ తగ్గుతుంది, డిక్కీ పెంచితే కాళ్లు ముడుచుకోవాలి. రెండూ కావాలంటే కారు పైకి పెరగాలి. పైకి పెరిగితే ఊగుతుంది.

మోకాళ్లు, చీరలు, గుమ్మాలు

స్విఫ్ట్, బలెనో, ఐ20, ఆల్ట్రోజ్ లాంటివి కిందికి కూర్చునే కార్లు. కుర్రాళ్లకు అదే అందం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మాత్రం వాటిలో కూర్చోరు, పడతారు. దిగేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆదివారం పూట కాసేపు నిలబడి చూడండి, వెనక సీట్లోంచి దిగే పెద్దవాళ్ల ముఖాలే చెప్పేస్తాయి ఏ కారు ఎలాంటిదో.

వ్యాగన్ ఆర్ లాంటి డబ్బా కార్లలో సీటు నడుం ఎత్తుకు ఉంటుంది, కుర్చీలో కూర్చున్నట్టే. తల తగలదు. పంచ్, ఎక్స్‌టర్ లాంటి బుల్లి ఎస్‌యూవీల్లో కూడా సీటు ఎత్తే, కానీ వాటికి గుమ్మం కూడా ఎత్తు. పొట్టిగా ఉండే అమ్మలు ముందు కాలెత్తి లోపల పెట్టి, తర్వాత ఒళ్లు లాక్కోవాలి. పంచ్, ఆల్ట్రోజ్ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. పెద్దవాళ్లకు అది పెద్ద వరం. ఇరుకు సందులో పక్కన ఇంకో బండి ఉంటే ఆ 90 డిగ్రీలు ఎందుకూ పనికిరావు. అంత బార్లా తెరుచుకున్న తలుపు మళ్లీ మూయడానికి లోపల కూర్చున్న పిల్లల చెయ్యి అందదు.

ఇక చీర. ఇది మా ఆవిడ చెప్పేదాకా నాకు తట్టనే లేదు. వానాకాలం మన ఎర్రమట్టి కారు పక్కల కింది అంచుకి, అదే గుమ్మానికి, పట్టేస్తుంది. దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు దానికే రాసుకుంటాయి. కొన్ని కార్లలో తలుపు కింది దాకా వచ్చి ఆ గుమ్మాన్ని కప్పేస్తుంది, అప్పుడు గుమ్మం శుభ్రంగా ఉంటుంది. కొన్నిటిలో కప్పదు. షోరూంలో తలుపు తీసి వంగి చూస్తే క్షణంలో తెలిసే విషయమే, కానీ షోరూంలో బురద ఉండదు కాబట్టి ఎవరూ చూడరు.

కింద గీసుకోవడం, పైన ఊగడం

నా మొదటి కారు కింది బాపతే. పేరెందుకులెండి. పార్వతీపురం వెళ్లే దారిలో ఒక ఊళ్లో కుర్రాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ ఉండేది, దాదాపు అరుగంత. నలుగురం కూర్చుని దాటితే "కర్ర్" మని కడుపులో దేవినట్టు శబ్దం. ముందు బంపర్ కింది పెదవి క్లిప్పులు ఊడిపోతే మెకానిక్ కట్టుతీగతో కట్టాడు. ఏడాది ఆ తీగతోనే తిరిగాను.

కంపెనీ లెక్కల ప్రకారం నేలకీ కారు పొట్టకీ మధ్య ఎడం స్విఫ్ట్‌కి 163 మిల్లీమీటర్లు, ఆల్ట్రోజ్‌కి 165, బలెనో, టియాగోలకు 170. క్విడ్‌కి 184, ఎక్స్‌టర్‌కి 185. రెండు సెంటీమీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది. బిస్సంకటక్, మునిగుడ వైపు ఊళ్లలోకి వెళ్లేవాళ్లకు ఆ రెండు సెంటీమీటర్లే సగం టెన్షన్ తగ్గిస్తాయి. అయిదుగురు కూర్చుని, డిక్కీలో చోళ్ల బస్తా పడ్డాక ఏ కారైనా కిందికి దిగుతుందని కూడా గుర్తుపెట్టుకోండి. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లి "ఎక్కడా తగల్లేదు" అనుకోవద్దు.

మరి ఎత్తు కారే కొనేస్తే సరిపోదా? ఘాట్ రోడ్లు లేకపోతే సరిపోయేది. ఎత్తైన కారు మలుపులో పక్కకు ఒరుగుతుంది, వెనక కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే ఘాటులో మా చిన్నమ్మాయి ఎత్తు కారులో రెండుసార్లు వాంతి చేసుకుంది, అదే ఘాటులో కింది కారులో పాటలు పాడుతూ వెళ్లింది. నడిపేవాడికి చేతిలో స్టీరింగ్ ఉంటుంది కాబట్టి ఊపు తెలియదు. టెస్ట్ డ్రైవ్‌లో సగం దూరం మీరు వెనక సీట్లో కూర్చోండి. షోరూం అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

నా మటుకు నేను తేల్చుకున్నది: జయపురం, కోరాపుట్ వైపు నెలకు రెండు మూడుసార్లు వెళ్లేవాళ్లు, ఇంట్లో వాంతుల బాధ ఉన్నవాళ్లు కింది కారు తీసుకుని స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఓపిక పట్టడం మేలు. ఊళ్ల మీద తిరుగుడు ఎక్కువ, పెద్దవాళ్లు ఉన్నవాళ్లు ఎత్తు కారు తీసుకుని మలుపుల్లో వేగం తగ్గించాలి.

డిక్కీ: లీటర్లు వేరు, బస్తాలు వేరు

డిక్కీని లీటర్లలో చెప్తారు. ఎక్స్‌టర్ 391, పంచ్ 366, ఆల్ట్రోజ్ 345, వ్యాగన్ ఆర్ 341, బలెనో 318, ఐ20 311, క్విడ్ 279, స్విఫ్ట్ 265, గ్రాండ్ ఐ10 నియోస్ 260, టియాగో 242, ఆల్టో కె10 214. ఇవి పెట్రోల్ కార్ల లెక్కలు. మనం లీటర్లు మోయం, బస్తాలు మోస్తాం. డిక్కీ అంచు నేలమీంచి ఎంత ఎత్తులో ఉంది, ఆ అంచు దాటాక లోపల గొయ్యి ఎంత లోతుగా ఉంది అన్నదే నడుముకు ముఖ్యం. పాతిక కిలోల బియ్యం బస్తా ఎత్తి పెట్టడం ఒకెత్తు, ఆ గొయ్యిలోంచి మళ్లీ బయటికి లాగడం ఇంకొకెత్తు. పనసపండైతే చెప్పనే అక్కర్లేదు.

డిక్కీ తెరిచే తీరు కూడా చూడండి. కొన్ని కార్లలో, ముఖ్యంగా తక్కువ వేరియంట్లలో, డిక్కీకి బయట బటన్ ఉండదు. డ్రైవర్ సీటు పక్కన మీట లాగాలి, లేదా తాళంచెవి పెట్టి తిప్పాలి. సంతలో రెండు చేతుల్లో సంచులతో వచ్చి నిలబడినప్పుడు తెలుస్తుంది ఆ బాధ.

సామాను ఎక్కువ వేసుకునేవాళ్లు చిన్న సెడాన్లు, అంటే డిక్కీ వెనక్కి విడిగా పొడుచుకొచ్చే కార్లు, కూడా చూడవచ్చు: టిగోర్ 419, అమేజ్ 416, ఆరా 402, డిజైర్ 382. చోటు ఎక్కువే, కానీ డిక్కీ మూత చిన్నది కావడంతో నిలువు సామాను పట్టదు. ఫ్రిజ్ అట్టపెట్టె, పిల్లల సైకిల్ లాంటివి హ్యాచ్‌బ్యాక్‌లో, అంటే వెనక అద్దంతో సహా తలుపు పైకి లేచే కారులో, వెనక సీటు మడిస్తే పడతాయి, సెడాన్‌లో పడవు.

సీఎన్‌జీ అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మామూలుగా ఒకటే పెద్ద సిలిండర్ పెడతారు, డిక్కీ అంతా అదే తినేస్తుంది, పక్కన ఒక చేతిసంచి పడితే గొప్ప. 2023లో టాటావాళ్లు ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టి ఒక పెద్దదాని బదులు రెండు చిన్న సిలిండర్లు అడుగున పరిచే పద్ధతి తెచ్చారు. దానివల్ల పంచ్‌లోనూ ఆల్ట్రోజ్‌లోనూ 210 లీటర్ల చోటు మిగులుతుంది. తర్వాత 2024లో హ్యుందాయ్ కూడా ఎక్స్‌టర్‌కి అదే దారి పట్టింది. అయితే మన వైపు అసలు ప్రశ్న డిక్కీ కాదు, బంకు. మీ ఇంటికి దగ్గరి సీఎన్‌జీ బంకు ఎంత దూరమో, అక్కడ గ్యాస్ రోజూ ఉంటుందో లేదో ముందు మీరే వెళ్లి చూసుకోండి. గ్యాస్ కోసం కిలోమీటర్లకు కిలోమీటర్లు పెట్రోల్ మీద వెళ్లొచ్చే సీఎన్‌జీ బండి దేనికి? పైగా గ్యాస్ మీద బలం తగ్గుతుంది. ఒక లీటరు వ్యాగన్ ఆర్ పెట్రోల్ మీద 67 హార్స్‌పవర్ ఇస్తే, గ్యాస్ మీద 57 ఇస్తుంది. ఘాటులో ఆ పదీ తెలుస్తుంది.

ఘాటులో ఏసీ, ఘాటులో గేరు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మైదానంలో ఉండేవాళ్లు రాసే సలహాల్లో దొరకనిది ఇదే.

చిన్న కారు ఇంజిన్‌కి ఏసీ నడపడం కూడా బరువే. విశాఖ రోడ్ల మీద అది తెలియదు. లక్ష్మీపూర్ వైపు ఎక్కుడులో, నలుగురు మనుషులతో, ముందు లారీ నడకలాగా పోతుంటే తెలుస్తుంది. రెండో గేరులో ఇంజిన్ అరుస్తుంది, మూడుకు మారిస్తే వణుకుతుంది. అప్పుడు చెయ్యి ఏసీ బటన్ మీదికి పోతుంది. వెనకనుంచి "ఏసీ ఎందుకు ఆపారు?" అని వస్తుంది. ఒక లీటరు ఇంజిన్ ఉన్న ఆల్టో, సెలెరియో, చిన్న వ్యాగన్ ఆర్ ఊళ్లో తిరగడానికి చక్కటి బళ్లు. ఘాటు ఎక్కువగా ఎక్కేవాళ్లు 1.2 లీటర్ల ఇంజిన్‌కి వెళ్లడం మంచిది. వ్యాగన్ ఆర్‌లోనే 1.2 ఇంజిన్ తీసుకుంటే 67 బదులు దాదాపు 90 హార్స్‌పవర్ వస్తుంది. కారు అదే, చికాకు సగం.

మూడు సిలిండర్ల ఇంజినా, నాలుగా అన్నది కూడా అడగండి. టియాగో, పంచ్, ఆల్టో, క్విడ్, 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ మూడు సిలిండర్లవి. బలెనో, నియోస్, ఎక్స్‌టర్, 1.2 ఐ20 నాలుగు సిలిండర్లవి. మూడు సిలిండర్ల బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీట్లో సన్నగా వణుకు తెలుస్తుంది. కొందరికి రెండు రోజుల్లో అలవాటైపోతుంది, కొందరికి జీవితాంతం అదే వినబడుతుంది. నేను రెండో జాతివాణ్ణి. రిపేరు కాదు, దాని గుణమే అది అని తెలిసినా నా చెవి ఒప్పుకోదు.

ఇక గేర్లు. చిన్న కార్లలో ఆటోమేటిక్ అంటే ఎక్కువగా ఏఎంటీ. 2014లో సెలెరియోతో మన దేశంలోకి వచ్చింది. లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మీ ఎడమకాలు చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది. అందుకే గేరు మారేటప్పుడు ఒక చిన్న తూగు వస్తుంది, తల ముందుకు వంగి వెనక్కు వస్తుంది. మా మావయ్య దాన్ని "కారు సరేనంటూ తలాడిస్తోంది" అంటాడు. గేరు మారే క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే తూగు చాలావరకు పోతుంది. ఆ మెళకువ తెలియనివాళ్లే ఎక్కువ విసుక్కుంటారు.

ఘాటులో ఏఎంటీతో రెండు విషయాలు. ఎక్కుడులో బండి ఆగితే వెనక్కి జారకుండా హిల్ హోల్డ్ అనే ఏర్పాటు ఉందో లేదో అడగండి. అది రెండు మూడు క్షణాలే పట్టుకుంటుంది, ఆ లోపు కాలు యాక్సిలరేటర్ మీదికి పోవాలి. రెండోది, ఎక్కుడులో బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి బండిని నిలబెట్టడం చాలామందికి అలవాటు. లోపల క్లచ్ కాలిపోతుంది. అలాగే మలుపుల్లో అది తనంతట తాను పై గేరుకు వెళ్లి బలం లేక మళ్లీ కిందికి రావడం ఘాటులో పెద్ద విసుగు. మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండులోనే ఉంచితే హాయిగా ఎక్కుతుంది, దిగేటప్పుడు కూడా ఇంజిన్ పట్టు ఉంటుంది, బ్రేకులు వేడెక్కవు.

ఇంకో చిన్న సంగతి. ఎడమకాలికి పని లేనప్పుడు ఆ కాలు ఎక్కడ పెట్టుకోవాలి? క్లచ్ పక్కన పాదం ఆనించుకోవడానికి ఒక మెట్టు ఉంటుంది, దాన్ని డెడ్ పెడల్ అంటారు. చాలా చిన్న కార్లలో ఉండదు. విజయనగరం వెళ్లొచ్చేసరికి ఆ ఎడమ పిక్క పీకుతుంది.

మాన్యువలా, ఏఎంటీయా? బరంపురంలోనో విశాఖలోనో రోజూ ట్రాఫిక్‌లో నడిపేవాళ్లకు ఏఎంటీ. ఘాటులో నడపడం ఇష్టపడేవాళ్లకు, ఊళ్లో ట్రాఫిక్ అంతగా లేనివాళ్లకు మాన్యువల్. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడిలాంటి ఊళ్లలో ఉండేవాళ్లకు నా ఓటు మాన్యువల్‌కే. మా ఆవిడ ఓటు వేరు. ఆవిడ లైసెన్స్ తీసుకున్నదే ఏఎంటీ వచ్చాక.

బీప్, బీప్

కూరగాయల సంచి ముందు సీట్లో పెడతాం. కారు అది మనిషనుకుని బెల్టు పెట్టుకోమని అరుస్తుంది. ఎనభై దాటగానే ఇంకో అరుపు. ఇది ఏ కంపెనీ తప్పూ కాదు. 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లన్నిటికీ ముందు సీట్ల బెల్టు హెచ్చరిక, 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా మోగే వేగ హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. కాబట్టి "ఈ కారు అరుస్తుందట, అది కొందాం" అంటే అదీ అరుస్తుంది. గొంతు మాత్రం తేడా. ఒకటి చెవిలో గంట కొట్టినట్టు, ఒకటి టైలర్ మిషన్‌లా. టెస్ట్ డ్రైవ్‌లో బెల్టు ఒకసారి తీసి విని చూడండి, మరీ సూది గుచ్చినట్టుంటే ఆలోచించండి. సంచులు వెనక సీటు ముందు నేల మీద పెట్టుకోవడమే దీనికి మందు. బెల్టు బదులు దాని గూట్లో గుచ్చే క్లిప్పులు దొరుకుతాయి కదా, పెట్టేస్తే అరవదు కదా అనేవాళ్లకు నేను జవాబు చెప్పను.

అద్దం మసకబారడం దీనికన్నా పెద్ద సమస్య. జూలై, ఆగస్టుల్లో పొట్టంగి దగ్గర మబ్బు రోడ్డు మీదికే దిగుతుంది. లోపల మన ఊపిరికి ముందు అద్దం తెల్లబడిపోతుంది. ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పాలి, లోపలి గాలే తిరిగే మీటను బయటి గాలికి మార్చాలి. తిప్పే మీటలున్న కార్లో చూడకుండానే ఆ మూడూ చెయ్యొచ్చు. టచ్ స్క్రీన్‌లోనే అన్నీ పెట్టిన కార్లో మలుపు మధ్యలో కళ్లు రోడ్డు మీంచి తీయాలి. పాటలకు టచ్ ఉండనివ్వండి, ఏసీకి మాత్రం తిప్పే మీటలున్న కారే నాకు ఇష్టం. పాతకాలం వాడంటే అననివ్వండి.

లీటరు నీళ్ల సీసా తలుపులో పడుతుందా? వెనక కూర్చున్నవాళ్లకు ఏసీ గాలి వస్తుందా? నియోస్, ఎక్స్‌టర్‌లలో వెనకకు విడిగా ఏసీ రంధ్రాలున్నాయి, వ్యాగన్ ఆర్‌లో లేవు. మిగతావాటిలో వేరియంట్‌ని బట్టి ఉంటాయి, కూర్చుని చూసుకోండి. మే నెలలో వెనక సీట్లో అత్తయ్య ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఏ వేరియంట్‌కి డబ్బు పెట్టాలి

అన్నిటికన్నా పై వేరియంట్ అక్కర్లేదు, అన్నిటికన్నా కిందిది వద్దు. మధ్యలో ఆగండి. నేను డబ్బు పెట్టేవి నాలుగు: వెనక అద్దానికి వైపర్, అదే అద్దానికి మసక తీసే డీఫాగర్, డ్రైవర్ సీటు ఎత్తు మార్చుకునే మీట, వెనక సీట్లకు పైకి కిందికి జరిగే తలదిండ్లు. వెనక వైపర్ ఎందుకంటే, హ్యాచ్‌బ్యాక్ వెనక భాగం కత్తితో కోసినట్టు నిలువుగా ఉంటుంది. బండి వేగంగా పోయేటప్పుడు వెనక గాలి సుడి తిరిగి రోడ్డు మీది దుమ్ముని, బురద నీళ్లని ఎత్తి అద్దానికి కొడుతుంది. మన ఎర్రదుమ్ముకి పది కిలోమీటర్లు చాలు, వెనక ఏముందో కనపడదు.

డబ్బు పెట్టనివి: సన్‌రూఫ్, మెరిసే అల్లాయ్ చక్రాలు. చక్రాల విషయంలో ఇంకోటి. పై వేరియంట్లలో నాలుగు చక్రాలు పెద్దవిచ్చి, స్టెప్నీ చిన్న సైజుది ఇస్తారు. దానితో నెమ్మదిగానే వెళ్లాలి. కొన్ని రకాల్లో స్టెప్నీయే ఉండదు, పంచర్ కిట్ చేతిలో పెడతారు. అడవి దారిలో టైరు పక్క చిరిగితే కిట్ ఏమీ చెయ్యలేదు. డిక్కీ అడుగు పలక ఎత్తి స్టెప్నీ సైజు అంకె చదివి, బయటి టైరు అంకెతో పోల్చండి.

పెట్రోల్ ట్యాంకు కూడా ఒక్కసారి అడగండి. స్విఫ్ట్, బలెనో, పంచ్, ఎక్స్‌టర్‌లకు 37 లీటర్లు, వ్యాగన్ ఆర్‌కి 32, క్విడ్‌కి 28, ఆల్టోకి 27. చిన్న ట్యాంకు బండితో భువనేశ్వర్ వెళ్తే దారిలో బంకు వెతుక్కోవడం ఖాయం. రంగు సంగతి: నలుపు వద్దు. అంతే.

సరిహద్దు మనుషులకు మాత్రమే

ఇల్లు ఒడిశాలో, సగం బంధువులు ఆంధ్రాలో. షోరూం విజయనగరంలో నచ్చుతుంది, రిజిస్ట్రేషన్ ఎక్కడ? బండి ఎక్కడ ఉంచుతారో అక్కడే చేయించండి. నంబరు మొదట్లో మనకు ఓడీ 18, గజపతి వాళ్లకు ఓడీ 20, కోరాపుట్‌కి ఓడీ 10. ఆంధ్రా నంబరుతో తెచ్చుకుని ఇక్కడే ఉంచేస్తే, చట్టప్రకారం పన్నెండు నెలలు దాటాక ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. అందుకు అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్ఓసీ), ఇక్కడ మళ్లీ పన్ను, అక్కడ కట్టిన పన్నులో మిగిలినది వాపసు కోసం తిరుగుళ్లు. నేను ఒకసారి తిరిగాను. చెప్పుల అరుగుదల ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. బదిలీల ఉద్యోగులు మాత్రం రాష్ట్రం మారినా మార్చుకోనక్కర్లేని బీహెచ్ సిరీస్ నంబరు గురించి అడగండి. 2021 సెప్టెంబర్‌లో మొదలైంది. ప్రభుత్వ ఉద్యోగులకూ, నాలుగు రాష్ట్రాల్లోనో అంతకన్నా ఎక్కువ చోట్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకూ ఇస్తారు.

విశాఖ నుంచి సెకండ్ హ్యాండ్ తెచ్చుకునేవాళ్లు ధర చూసి మురిసిపోయే ముందు బండిని లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు చూడండి. సముద్రపు గాలికి సైలెన్సర్ గొట్టం, తలుపుల కింది అంచులు, బోల్టులు తుప్పు పడతాయి. పైన పెయింట్ అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. గోపాల్‌పూర్ వైపు బళ్లకూ ఇదే మాట.

సర్వీసు సంగతి కూడా ఇందులోకే వస్తుంది. మీ ఊరికి దగ్గర్లో ఏ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో, ఘాటు ఎక్కి దిగకుండా వెళ్లగలిగేది ఏదో చూడండి. పది వేల కిలోమీటర్లకోసారి రోజంతా సెలవు పెట్టాల్సిన కారు ఎంత మంచిదైనా కొన్నాళ్లకు విసుగే. ఎలుకల గురించి ఏ కంపెనీనీ అడగక్కర్లేదు, వానాకాలం రాయగడ ఎలుకకు అన్ని కార్లూ ఒకటే. రాత్రిపూట బానెట్ కొంచెం తెరిచి ఉంచితే రావని మా వీధిలో ఒకాయన నమ్మకం. ఆయన వైర్లు రెండుసార్లు కొరికాయి.

బావమరిది దగ్గరికి వస్తే, షోరూంకి మూడు వస్తువులు తీసుకెళ్లమని చెప్పాను: లీటరు నీళ్ల సీసా, పాతిక కిలోల బియ్యం బస్తా, అత్తయ్య. బస్తా తీసుకెళ్లడానికి సిగ్గుపడ్డాడు కానీ తీసుకెళ్లాడు. కింది కారులో అత్తయ్య కూర్చుంది కానీ లేవలేకపోయింది. బుల్లి ఎస్‌యూవీలో ఎక్కడానికి చీర అడ్డం వచ్చింది. మూడోది డబ్బా కారు. చూడ్డానికి బావమరిదికి అస్సలు నచ్చలేదు. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి తలుపు వేసుకుంది. బస్తా డిక్కీలో పడింది, సీసా మాత్రం తలుపులో పట్టలేదు. 1.2 ఇంజిన్, మాన్యువల్, మధ్య వేరియంట్, తెల్ల రంగు రాయించుకున్నారు.

ఇప్పుడు ఆ సీసాని అత్తయ్యే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది.